ఎవరి కబురు వాళ్లే చెప్పాలి

ఆ కాలేజీ ఎంత చిన్నదంటే, ఆలస్యంగా వచ్చినవాడు దొంగచాటుగా వెనక బెంచీలో దూరదామన్నా అక్కడ వెనక బెంచీ ఉండేది కాదు. ముందు బెంచీ వెనకాలే గోడ. బయటివాళ్లు దాన్ని కాలేజీ అనడానికి కాస్త మొహమాటపడేవారు. లోపల చదివినవాళ్లు మాత్రం విశ్వవిద్యాలయం అన్నా తృప్తిపడేవారు కాదు, అంతకన్నా పెద్ద మాటేదైనా ఉంటే చూడమనేవారు.

ఏటా ఒక ఆదివారం నాడు పాత విద్యార్థులంతా అక్కడి ఫిజిక్స్ గ్యాలరీలో చేరతారు. ఆ కాలేజీలో మెట్లుమెట్లుగా బెంచీలున్న పెద్ద గది అదొక్కటే. సన్మానాలుండవు, ఉపన్యాసాలుండవు. బ్లాక్‌బోర్డు కింద ఉండే పాత డస్టరు ఒకటి చేతులు మారుతూ తిరుగుతుంది. అది ఎవరి చేతిలోకొస్తే వాళ్లు లేచి ఆ ఏటి తమ కబురు చెప్పాలి. ఉద్యోగమో, ఇల్లో, ఆపరేషనో, మనవరాలో, ఏదైనా సరే. చెప్పింది చెప్పినట్టు చిన్న పుస్తకంగా అచ్చేసి అందరికీ పంపుతారు. డస్టరు పుచ్చుకుని పెదవి విప్పకుండా పక్కవారికి అందించేస్తే, ఆ పుస్తకంలో వాళ్ల పేరుకెదురుగా ‘హాజరు’ అని ఒక్క ముక్క పడుతుంది.

ఇంకో నియమం ఉంది. ఎవరి కబురు వాళ్లే చెప్పాలి. ఒకరి కబురు ఇంకొకరు చెప్పకూడదు.

మొదట్లో ఈ నియమం లేదు. అక్కడే చదివి, అక్కడే మనసులు కలిసి పెళ్లాడిన జంటలు చాలా ఉండేవి. మొగుడు లేచి తన కబురంతా ఊదరగొట్టి, చివర్లో “మా ఆవిడ కూడా బాగానే ఉంది” అని కూర్చునేవాడు. ఆ ఆవిడ పక్కనే చేతులు కట్టుకుని బాగానే ఉండేది. ఒక ఏడు అలాంటి ఒకావిడ లేచి చూపుడువేలు నిటారుగా పైకెత్తి, “అభ్యంతరం” అంది.

“నేను బాగానే ఉన్నానో లేదో నన్నడగండి. మా ఆయన మైకుల షాపు పెట్టాడు, అది ఆయన కబురు. నేను మొదటి కేసు గెలిచాను, ఇది నా కబురు. రెండూ ఒకే మూట కట్టి ఆయన నెత్తిన పెట్టకండి. అసలే సన్నటి మెడ.”

గ్యాలరీ గొల్లుమంది. నియమం ఆ రోజే పుట్టింది. చదువుకునే రోజుల్లోనే ఏ లెక్చరరు ఏమన్నా ఆ వేలు లేచేది కాబట్టి అప్పటికే ఆమె పేరు ‘అభ్యంతరం’. ఆ సన్నమెడ మొగుడి పేరు ‘మైకు’. మైకు చేతికొస్తే చాలు అతనికి మైకం కమ్మేది. మాటని తిప్పి, తిరగేసి, దాని కడుపులోంచి ఇంకో మాట లాగి చూపించనిదే కిందికి దిగేవాడు కాదు. ఆ సరదానే పెట్టుబడిగా పెట్టి సభలకీ పెళ్లిళ్లకీ మైకులూ స్పీకర్లూ అద్దెకిచ్చే షాపు తెరిచాడు. ఆమె లాయరైంది. ఇంట్లో ఆమె వాది, అతను ప్రతివాది. తీర్పు ఎప్పుడూ ఒకవైపే వచ్చేది, అతను ఎప్పుడూ అప్పీలుకి వెళ్లలేదు.

అలా ఎవరిచేతా మాట పడని మనిషికి, క్రిందటేడు ఒక ఉదయం, మాట పడిపోయింది.

కోర్టుకి వెళ్లబోతూ నల్లకోటు ఒక చేతికి తొడుక్కుని, రెండో చెయ్యి దూర్చలేక అలా నిలబడిపోయింది. ఆస్పత్రివాళ్లు మనిషిని దక్కించారు. కొన్ని నెలలకి చెయ్యి కదిలింది, కాలు నడిచింది. మాట మాత్రం తిరిగి రాలేదు. అన్నీ అర్థమవుతాయి. చెప్పదలుచుకున్నది లోపల ఉంటుంది, గొంతుదాకా వస్తుంది, చీకట్లో గొళ్లెం వెతుక్కుంటున్నట్టు అక్కడే తడుముకుంటుంది. ఒక్కోసారి దొరుకుతుంది. చాలాసార్లు దొరికేలోపు మైకు బయటినుంచి తలుపు తోసేసేవాడు.

“అంకుల్, ఆంటీ మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు మీరు అందించకండి,” అంది వారానికోసారి ఇంటికొచ్చే మాటల టీచరు. మాట పోయినవాళ్లకి మళ్లీ పలకడం నేర్పడం ఆ అమ్మాయి ఉద్యోగం. “ఆగండి. ఎంతసేపైనా ఆగండి.”

“మాది మైకుల వ్యాపారం తల్లీ. శబ్దం ఆగితే జనం అడ్వాన్సు వెనక్కడుగుతారు.”

“ఆంటీ ఏమీ వెనక్కడగరు. మీరు ఆగితే చాలు.”

అతను ఆగలేకపోయేవాడు. ఆమె పెదవులు కదిలి, నుదురు ముడిపడి, ఏమీ రాకుండా గడిచే ఆ కాసేపూ అతనికి ప్రాణం కడబట్టేది. సభ మధ్యలో కరెంటు పోయినప్పుడు ఎలా పరిగెత్తేవాడో అలా పరిగెత్తేవాడు. “నీళ్లా? కళ్లజోడా? పేపరా? దిండు సరిచెయ్యనా?” వేలంపాటలా పాడుకుంటూ పోయేవాడు. ఆమె కళ్లు మూసుకుని, “అదే” అనేది.

తిరిగొచ్చిన మొదటి మాట అది. అతను మురిసిపోయి నీళ్లు తెచ్చేవాడు. ఆమె తాగేది. ఆ ఏడంతా ఆమె అక్కర్లేని నీళ్లు ఎన్ని తాగిందో అతనికి తెలియదు.

ఫోనులోనూ అంతే. రెండు వీధుల అవతల ఉండే ఆమె చెల్లెలు ఫోను చేస్తే, “బాగుంది, ఇప్పుడే తింది, నవ్వుతోంది, నిన్ను అడుగుతోంది” అని అతనే అప్పజెప్పేసేవాడు.

“బావా, ఒక్కసారి ఫోను అక్కకివ్వు.”

“చెప్పానుగా, బాగుందని.”

“నీ గొంతు కోసమైతే నాకు ఫోనెందుకు? కిటికీ తెరుచుకుంటే చాలు. అక్క ఊపిరి వినబడినా ఫర్వాలేదు, ఇవ్వు.”

“నా మీద వ్యంగ్యమా మరదలా?”

“వ్యంగ్యం కాదు బావా, మొర. నువ్వు ఊపిరి పీల్చుకునే సందులోనేగా మా అక్క మాట్లాడాలి. ఆ సందు కాస్త వెడల్పు చెయ్యి.”

ఈమధ్య అతన్ని ఇంకో సంగతి వేధించసాగింది. మధ్యాహ్నం షాపు నుంచి వచ్చేసరికి ఆమె కుడి అరచేతికి తెల్లగా ఏదో అంటి ఉండేది. ఒకసారి ముదురు నీలం చీర కుచ్చిళ్ల మీద కూడా. అతను చీర దులిపి, వాసన చూసి, వరండా గోడ వైపు చూశాడు. గోడ పట్టుకుని నడుస్తోందన్నమాట, సున్నం రాలుతోందన్నమాట. మర్నాడే రంగులవాణ్ణి పిలిపించి గోడంతా గీకించి కొత్త రంగు వేయించాడు. వారం తిరక్కుండా మళ్లీ అరచెయ్యి తెల్లగా కనిపించింది. రంగులవాణ్ణి మళ్లీ పిలిచి దులిపేశాడు.

“నువ్వేసింది రంగా, పౌడరా? చేత్తో ముట్టుకుంటే ఊడొస్తోంది.”

రంగులవాడు భుజం మీది నల్లగుడ్డ తీసి గోడని ఆ చివరినుంచి ఈ చివరిదాకా రుద్ది చూపించాడు. గుడ్డ నల్లగానే ఉంది. “ఇందులో తెలుపు ఎక్కడుంది బాబూ? నా జుట్టులో తప్ప” అన్నాడు. అయినా మైకు ఒప్పుకోక ఇంకో పూత వేయించాడు. ఆమె కుర్చీలో కూర్చుని ఈ గొడవంతా చూసింది. “గో...” అని మొదలుపెట్టింది. “గోడే, గోడే, తెలుసు లాయరు గారూ, మీరు కంగారుపడకండి” అన్నాడతను. ఆమె కళ్లు మూసుకుంది.

పాత విద్యార్థుల ఆదివారం దగ్గరపడ్డాక పళ్ల డాక్టరు ఇంటికొచ్చాడు. అతనిదీ అదే బ్యాచి. సభ నడిపే బాధ్యత ఈ ఏడు అతనిది.

“ఒరేయ్ మైకూ, కమిటీలో అందరం అనుకున్నాం. ఈ ఒక్కసారికి నియమం పక్కన పెడదాం. తన కబురు నువ్వు చెప్పు. పోయినేడు మీరు రానే లేదు. ఈసారి వచ్చి కూడా తన పేరుకెదురుగా ‘హాజరు’ అని పడితే బాగుండదురా.”

“హాజరు అంటే ఏమిట్రా? ‘హా’ అని నిట్టూర్చి ‘జరుగు’ అనడమేగా. మా లాయరు గారికి ఆ ముక్క పడనిస్తానా?” అన్నాడు మైకు. ప్రతి ఏడూ ఆ పుస్తకంలో అందరికన్నా పెద్ద కబురు ఆమెదే ఉండేది. ఒంటరి ముసలామెకి ఇల్లు తిరిగి ఇప్పించిన కేసు, ఫ్యాక్టరీ గేటు తెరిపించిన కేసు. అలాంటి మనిషి పేరుకెదురుగా ఆ ఒక్క ముక్క పడటం, బతికుండగానే ఫొటో గోడకెక్కించినట్టుగా తోచిందతనికి. “చెప్తాను. రెండు మాటల్లో కాదు, రెండు పేజీలు చెప్తాను.”

కుర్చీలో ఉన్న ఆమె వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసింది. కుడిచేతి చూపుడువేలు మెల్లగా పైకి లేచింది.

“ఫ్యాను,” అన్నాడు మైకు, చటుక్కున లేచి. “ఉక్కగా ఉందిట.” స్విచ్చి నొక్కాడు. ఫ్యాను తిరిగింది. పళ్ల డాక్టరు ఆ వేలి వైపు ఒక క్షణం చూసి, ఏదో అనబోయి, ఎవరింటి సంగతి వాళ్లకి తెలుస్తుందిలే అనుకుని లేచాడు.

ఆ వారమంతా మైకు అద్దం ముందు నిలబడి ఆమె కబురు తయారుచేశాడు. “కోర్టులో వాయిదాలు అడిగీ అడిగీ, మా లాయరు గారు ఈ ఏడు మాటకే వాయిదా వేశారు” అని మొదలు. చివర్లో అందరికీ కళ్లు చెమర్చే ముక్క ఒకటి. పక్కగదిలో మంచం మీద ఆమె గోడవైపు తిరిగి పడుకుని అంతా వింది.

ఆదివారం నాడు షాపు వ్యానులో స్పీకర్లు వేసుకుని, ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని కాలేజీకి వెళ్లాడు. ఆ సభకి మైకు సెట్టు ఎప్పుడూ అతనిదే, అద్దె లేకుండా. గేటు దగ్గర ముసలి అటెండరు ఆమెని చూసి నమస్కారం పెట్టి, “రండమ్మా” అన్నాడు, నిన్ననే చూసినట్టు. పాతవాళ్లందర్నీ ఇలాగే పలకరిస్తాడు కాబోలనుకున్నాడు మైకు.

గ్యాలరీలో ఆమె మూడో మెట్టు మీద తన పాత చోటులో కూర్చుంది. అతను కింద పక్కగా, యాంప్లిఫయరు పెట్టెని ఒళ్లో పాపలా చూసుకుంటూ కూర్చున్నాడు. డస్టరు బయలుదేరింది.

పళ్ల డాక్టరు తన కబురు ముందు చెప్పాడు. “ఇన్నేళ్లూ ఊరందరి పళ్లూ పీకాను. ఈ ఏడు నావి పీకించుకున్నాను. ఇప్పుడు పేషెంట్లు నొప్పి అంటే నమ్ముతున్నాను.” నవ్వారు. బేకరీ నడిపే ఒకావిడ, షాపు కాలిపోయి మళ్లీ తెరిచానని, పొయ్యి మాత్రం పాతదేనని చెప్పింది. రైల్వే గార్డుగా చేసిన ఒకతను లేచి చాలాసేపు డస్టరుని అటూ ఇటూ తిప్పాడు. “మా పెద్దాడు పోయాడు. నేను మళ్లీ పొద్దున్నే నడకకి వెళ్తున్నాను,” అన్నాడు. కబుర్లు రాసుకునే ఆవిడ కలం ఒక్కటే కదిలింది.

తర్వాత డస్టరు ఆమె చేతికొచ్చింది.

మైకు జేబులోని కాగితం తడుముకుని లేచాడు. పళ్ల డాక్టరు గొంతు సవరించుకుని, “ఈ ఒక్క కబురు మాత్రం, మీ అందరి అనుమతితో, మన మైకు...” అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. ఎడమచేత్తో బెంచీ పట్టుకుంది. డస్టరుని బెంచీ మీద పెట్టి, కుడిచేతి చూపుడువేలు నిటారుగా పైకెత్తింది.

ఆ గదిలో ఆ వేలు తెలియనివాళ్లు లేరు. పళ్ల డాక్టరు మాట మధ్యలోనే కూర్చుండిపోయాడు. మైకు కూర్చోలేదు. ఆ గదికి పైకప్పు ఎత్తు, అక్కడ ఫ్యాను లేదు. అయినా అతను ఆమె వేలి కొస నుంచి పైకి చూశాడు, మళ్లీ ఆమె ముఖంలోకి చూశాడు. అప్పుడతనికి తమ వరండాలో గిర్రున తిరిగిన ఫ్యాను గుర్తొచ్చింది. ఇన్నేళ్లు కాపురం చేసిన తనకి, ఆ రోజు ఆ వేలు ఫ్యానుని చూపిస్తున్నట్టు కనబడింది. జేబులోంచి చెయ్యి తీసేసి కూర్చున్నాడు.

ఆమె డస్టరు మళ్లీ అందుకుంది. పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు.

గది ఎదురుచూసింది. ఎవరో దగ్గారు. ముందు మెట్టు మీది ఒకావిడ, సాయం చేద్దామని, పెదవులతోనే ఏదో మాట అందివ్వబోయింది. మైకు నోట్లోకి అరడజను మాటలు తోసుకొచ్చాయి. నాలుక పళ్లకి అడ్డంపెట్టి వాటిని లోపలే పట్టుకున్నాడు. నిశ్శబ్దం అంటే నిశ్శబ్దం కూడా కాదు. స్పీకర్లలోంచి సన్నగా గుయ్‌మని ఒకటే రొద. ఇరవై ఏళ్లుగా అది అతని చెవికి ఆనలేదు. ఇప్పుడు ఆనింది. ఆమె వెతుక్కుంటున్న చోట తన పెట్టె కూర్చుని కూనిరాగం తీస్తున్నట్టనిపించింది. చెయ్యి చాచి మీట తిప్పి, పెట్టె ఆర్పేశాడు.

రొద ఆగింది. ఆమె అతని వైపు చూసింది, ఒక్కసారి.

“బస్సు,” అంది.

ఆగింది. అందరూ ఆగారు.

“బస్సు. ఒక్క... ఒక్కదాన్నే.” డస్టరున్న చేత్తో బెంచీ మీద తట్టింది. తెల్లటి పొడి లేచింది. “ఇక్కడికి. చాలా...” వెతుక్కుంది, దొరకలేదు, ఆ మాటని వదిలేసి ఇంకో దారి పట్టింది. “మళ్లీ మళ్లీ.”

తలుపు దగ్గర నిలబడిన ముసలి అటెండరు అవునన్నట్టు తలూపాడు.

“ఇక్కడ... నిలబడ్డాను. అప్పుడు ఖాళీ.” చెయ్యి గదంతా చూపించింది. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఒక్కొక్క వరుసనీ చూసింది. “ఇప్పుడు... మీరు.”

కూర్చుంది.

చప్పట్లు కొట్టడమా మానడమా అన్నది ఎవరికీ తోచలేదు. రాసుకునే ఆవిడ తలెత్తి, “చుక్కలు కూడా వెయ్యనా?” అని మెల్లగా అడిగింది. “చెప్పింది చెప్పినట్టు,” అన్నాడు పళ్ల డాక్టరు, కళ్లజోడు తుడుచుకుంటూ.

మైకు అలాగే కూర్చున్నాడు. బస్సులో! మెట్లెక్కుతూ జారితే? ఎవరైనా దారి అడిగితే? దిగాల్సిన చోటు దాటిపోతే ఎలా చెప్పుకునేది? జరిగిపోయిన ప్రయాణాలన్నిటికీ ఇప్పుడు కూర్చుని భయపడ్డాడు. అతను షాపులో ‘హలో, మైక్ టెస్టింగ్’ అంటున్న పూట, ఆమె ఇక్కడ ఖాళీ గదిలో నిలబడి ఒక్కో మాటా పలికి చూసుకుంది. అతనికి చెప్పలేదు. చెప్పడానికి సందెక్కడ ఇచ్చాడు?

డస్టరు తిరిగి తిరిగి అతని దగ్గరికొచ్చింది. అరచేతికి తెల్లగా అంటుకుంది. అతను దాన్ని చాలాసేపు చూశాడు. లేచాడు. అందరి ముఖాలూ అప్పుడే నవ్వడానికి సిద్ధమైపోయాయి. మైకు లేచాడంటే ఒక ముక్క రాలుతుందని అందరికీ అలవాటు. అతను మాత్రం లోపలంతా దేవుకుని చూసుకున్నాడు. కబుర్లు బోలెడు. కబురు ఒక్కటీ లేదు. తయారుచేసుకున్నదంతా ఆమెది, అది ఆమె చెప్పేసుకుంది.

“ఈ ఏడు మా వరండా గోడకి రెండుసార్లు రంగు వేయించాను,” అన్నాడు చివరికి. “అక్కర్లేకపోయినా.”

మిగతా ముక్క కోసం జనం చూశారు. లేదు. “అంతే,” అని కూర్చున్నాడు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మూడో మెట్టు మీద ఒక్క మనిషి మాత్రం తన తెల్లటి అరచెయ్యి చూసుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వు అతను విని ఏడాదైంది.

సభ ముగిశాక అతను వైర్లు చుట్టి, స్పీకర్లు వ్యానుకెక్కించి, ఆమె వైపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె వ్యాను దాటి నడిచింది. గేటు దాటింది. కుడికాలు కొంచెం ఈడుస్తూ, రోడ్డు మలుపులో ఉన్న బస్సు స్టాపు దాకా వెళ్లి, అక్కడి బల్ల మీద కూర్చుని, పక్కన ఖాళీ చోటు చేత్తో తుడిచింది. అతను వ్యాను తలుపు వేసి, తాళం అటెండరుకిచ్చి, వెళ్లి ఆ చోటులో కూర్చున్నాడు.

బస్సొచ్చింది. ఆమె కమ్మీ పట్టుకుని, మంచి కాలు ముందు వేసి ఎక్కింది. పట్టుకుందామని అతను చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఇద్దరూ కిటికీ పక్క సీట్లో కూర్చున్నారు. కండక్టరు వచ్చి నిలబడ్డాడు.

ఆమె పెదవులు కదిలాయి.

“మార్...” అనేశాడు మైకు. నాలుక అలవాటు మరి. కండక్టరు అతని వైపు తిరగనే లేదు. సీటు కమ్మీకి ఆనుకుని, టిక్కెట్ల యంత్రం మీద వేలు పెట్టి, ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. వెనక సీట్లో ఎవరో చిల్లర గలగలలాడించారు. బస్సు ఒక మలుపు తిరిగింది. మైకు మిగతా మాట మింగేసి కిటికీలోంచి బయటికి చూశాడు.

“మార్కెట్టు,” అంది ఆమె.

“ఒకటేగా అమ్మా?”

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

“రెండు.”